కాలిఫోర్నియా పాఠశాల నిధుల ఎన్నికలు

కాలిఫోర్నియా పాఠశాల నిధుల ఎన్నికలు అనగా అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలలకు కావలసిన ధనాన్ని ఎవరు, ఏ పన్ను ద్వారా, ఎంత మేరకు సమకూర్చాలో తేల్చే ఎన్నికలు. ఇవి మూడు విధాలు. మొదటిది, పాఠశాల బోర్డు సభ్యులను ఎన్నుకోవడం. రెండవది, స్థానిక బాండ్లపైన, పన్నులపైన ఓటర్లు నేరుగా అవుననో కాదనో తీర్పు చెప్పడం. మూడవది, రాష్ట్రమంతటికీ వర్తించే ప్రతిపాదనలపై ఓటు వేయడం. 1971లో వచ్చిన ఒక న్యాయస్థానపు తీర్పు, 1978లో ఓటర్లు ఇచ్చిన మరొక తీర్పు ఈ వ్యవస్థ రూపాన్ని మార్చివేశాయి. పేద ఊరి బడికీ సంపన్నుల ఊరి బడికీ మధ్య అంతరం తగ్గడం, తమ ఊరి బడికి ఎంత ఖర్చు పెట్టాలో నిర్ణయించుకునే అధికారం ఊరివారి చేతినుండి జారిపోవడం ఇక్కడ దాదాపు ఒకే కాలంలో జరిగాయి. అందువలన ప్రజాస్వామ్యం, విద్య, పన్నుల సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి ఇది మంచి ఉదాహరణ.

పాఠశాల జిల్లా, పాఠశాల బోర్డు

ఇక్కడ "జిల్లా" అంటే మన రెవెన్యూ జిల్లా కాదు. కొన్ని పాఠశాలలను నడపడానికి ప్రత్యేకంగా ఏర్పడిన స్థానిక సంస్థను పాఠశాల జిల్లా అంటారు. కాలిఫోర్నియాలో ఇటువంటివి 900కు పైగా ఉన్నాయి. కొన్నింటిలో ఒకటి రెండు బడులే ఉంటాయి. లాస్ ఏంజెలెస్ పాఠశాల జిల్లాలో మాత్రం లక్షలాది విద్యార్థులు చదువుతారు. రాష్ట్రం మొత్తం మీద ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు సుమారు 58 లక్షలు.

ప్రతి జిల్లాకు ఒక ఎన్నికైన బోర్డు ఉంటుంది. సాధారణంగా అయిదుగురు లేక ఏడుగురు సభ్యులు, నాలుగేళ్ళ పదవీకాలం. బడ్జెట్టును ఆమోదించడం, ఉపాధ్యాయ సంఘాలతో జీతాల ఒప్పందం చేసుకోవడం, ఏ బడి తెరవాలో ఏది మూయాలో నిర్ణయించడం, బాండ్ల ప్రతిపాదనను ఓటర్ల ముందుంచడం ఈ బోర్డు పనులు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల పేరులో స్థానిక సంస్థ కనిపించినా, వాటి ఉపాధ్యాయుల జీతాలు రాష్ట్ర ప్రభుత్వం నుండే వస్తాయి. బడి కోసం పన్ను వేయాలా అని గ్రామస్థులను ఓటు అడిగే పద్ధతి మనకు లేదు. కాలిఫోర్నియాలో ఆ పద్ధతి ఉన్నది.

1978కి ముందు

చాలాకాలం పాటు బడి ఖర్చులో పెద్ద భాగం ఆ జిల్లాలోని ఇళ్ళు, భూములు, కర్మాగారాలపై వేసే ఆస్తి పన్ను నుండే వచ్చేది. పన్ను రేటును చట్టం విధించిన పరిమితికి లోబడి బోర్డు నిర్ణయించేది. పరిమితి దాటాలంటే ఓటర్ల ఆమోదం కావాలి. తాము చెల్లించిన పన్ను తమ ఊరి బడికే చేరుతుంది కనుక ఓటరుకు లెక్క స్పష్టంగా కనిపించేది. అయితే ఈ పద్ధతిలో ఒక పెద్ద లోపం ఉన్నది. విలువైన ఆస్తులున్న జిల్లాకు తక్కువ రేటుతోనే ఎక్కువ ధనం సమకూరుతుంది. ఆస్తులు లేని జిల్లా ఎంత రేటు వేసినా బడికి చాలదు.

సెరానో తీర్పు

ఈ లోపాన్ని ప్రశ్నిస్తూ 1968లో జాన్ సెరానో అనే తండ్రి, మరికొందరు తల్లిదండ్రులు, విద్యార్థులు వ్యాజ్యం వేశారు. అప్పటి రాష్ట్ర కోశాధికారి ఐవీ బేకర్ ప్రీస్ట్ ప్రతివాదులలో ఒకరు కావడం వలన దీనికి "సెరానో వర్సెస్ ప్రీస్ట్" అని పేరు. 1971లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో 1968-69 విద్యాసంవత్సరపు లెక్కలు కనిపిస్తాయి. లాస్ ఏంజెలెస్ కౌంటీలోని రెండు జిల్లాలను పోల్చి చూడవచ్చు.

బాల్డ్విన్ పార్క్: ఒక్కో విద్యార్థికి లెక్కకు వచ్చిన ఆస్తి పన్ను విలువ 3,706 డాలర్లు. పన్ను రేటు ప్రతి 100 డాలర్ల విలువకు 5.48 డాలర్లు. ఒక్కో విద్యార్థిపై ఖర్చు సుమారు 577 డాలర్లు.

బెవర్లీ హిల్స్: ఒక్కో విద్యార్థికి ఆస్తి పన్ను విలువ 50,885 డాలర్లు. పన్ను రేటు 2.38 డాలర్లు. ఒక్కో విద్యార్థిపై ఖర్చు సుమారు 1,232 డాలర్లు.

అనగా బాల్డ్విన్ పార్క్ ప్రజలు రెండు రెట్లకు మించిన రేటుతో పన్ను కట్టి, సగానికన్నా తక్కువ ఖర్చుతో తమ పిల్లలను చదివించుకున్నారు. పిల్లవాని చదువు ఇరుగుపొరుగుల సంపదపై ఆధారపడటం సమానత్వ సూత్రానికి విరుద్ధమని కోర్టు భావించింది. 1973లో టెక్సాస్‌కు చెందిన శాన్ ఆంటోనియో కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యతతో, ఇటువంటి అసమానత సమాఖ్య రాజ్యాంగానికి విరుద్ధం కాదని చెప్పింది. అయినప్పటికీ 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తమ రాష్ట్ర రాజ్యాంగాన్ని ఆధారంగా చేసుకొని పాత తీర్పును నిలబెట్టింది.

ప్రతిపాదన 13

1970వ దశకంలో కాలిఫోర్నియాలో ఇళ్ళ ధరలు వేగంగా పెరిగాయి. ఇంటి విలువ పెరిగినకొద్దీ పన్నూ పెరిగింది. పింఛను మీద బ్రతికే వృద్ధులకు ఆదాయం పెరగలేదు, పన్ను మాత్రం పెరిగింది. సొంత ఇల్లు అమ్ముకోవలసి వస్తుందనే భయం వ్యాపించింది. అదే సమయంలో రాష్ట్ర ఖజానాలో పెద్ద మిగులు ఉండటం జనం కోపాన్ని ఇంకా పెంచింది. హోవర్డ్ జార్విస్, పాల్ గాన్ అనే ఇద్దరి నాయకత్వంలో సంతకాలు సేకరించి తెచ్చిన ప్రతిపాదన 13ను 1978 జూన్ 6న దాదాపు 65 శాతం ఓటర్లు ఆమోదించారు. దానిలోని ముఖ్యాంశాలు ఇవి:

1. ఆస్తి పన్ను ఆస్తి విలువలో 1 శాతానికి మించరాదు.
2. విలువను 1975-76 నాటి స్థాయికి తగ్గించి, ఏటా 2 శాతానికి మించకుండా పెంచాలి.
3. ఆస్తి చేతులు మారినప్పుడు అప్పటి ధర ప్రకారం తిరిగి విలువ కట్టాలి.
4. స్థానికంగా ప్రత్యేక పన్ను వేయాలంటే ఓటర్లలో మూడింట రెండు వంతుల ఆమోదం కావాలి.

దీని ఫలితాన్ని ఒక ఊహాజనిత లెక్కతో చూడవచ్చు. 1980లో ఒకరు లక్ష డాలర్లకు ఇల్లు కొన్నారనుకుందాం. ఏటా 2 శాతం చొప్పున పెరిగినా 40 ఏళ్ళకు దాని పన్ను విలువ సుమారు 2,20,800 డాలర్లు, పన్ను సుమారు 2,208 డాలర్లు. ప్రక్కనే ఉన్న అటువంటి ఇంటినే 2020లో 10 లక్షల డాలర్లకు కొన్నవారు కట్టవలసినది 10,000 డాలర్లు. ఈ వ్యత్యాసం రాజ్యాంగ విరుద్ధం కాదని 1992లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

ప్రతిపాదన 13 వలన స్థానిక ఆస్తి పన్ను ఆదాయం సగానికి పైగా పడిపోయింది. బోర్డులు తమంత తాము పన్ను రేటు నిర్ణయించే అధికారం ముగిసింది.

రాష్ట్రం చేతికి అధికారం

ఏర్పడిన లోటును పూడ్చడానికి రాష్ట్ర ప్రభుత్వం ముందుకు వచ్చింది. ధనంతోపాటు నిర్ణయాధికారం కూడా రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకు చేరింది. రాష్ట్ర ఆదాయంలో పెద్ద భాగం ఆదాయపు పన్ను కనుక, ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడల్లా బడుల బడ్జెట్టు ఒడిదుడుకులకు లోనవుతూ వచ్చింది. 1960లలో ఒక్కో విద్యార్థిపై ఖర్చులో ముందు వరుసలో ఉన్న రాష్ట్రం 1990ల నాటికి జాతీయ సగటుకన్నా వెనుకబడింది.

దీనికి విరుగుడుగా 1988లో ఓటర్లు ప్రతిపాదన 98ను స్వల్ప ఆధిక్యతతో ఆమోదించారు. రాష్ట్ర సాధారణ నిధిలో సుమారు 40 శాతం పాఠశాలలకు, కమ్యూనిటీ కళాశాలలకు దక్కేటట్లు ఇది హామీ ఇస్తుంది. 2013లో గవర్నర్ జెర్రీ బ్రౌన్ కాలంలో కొత్త పంపిణీ సూత్రం వచ్చింది. దాని ప్రకారం పేద పిల్లలు, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు, ప్రభుత్వ సంరక్షణలో పెరిగే పిల్లలు ఎక్కువగా ఉన్న జిల్లాలకు అదనపు ధనం లభిస్తుంది. ఆస్తి పన్ను ఆదాయమే ఈ లెక్కను మించే కొద్ది జిల్లాలు ఆ మిగులును తామే ఉంచుకోవచ్చు. పాలో ఆల్టో అటువంటిది. కనుక అంతరం తగ్గినదే గాని పూర్తిగా పోలేదు.

స్థానిక ఓటరుకు మిగిలిన మార్గాలు

బాండ్లు: బోర్డు అప్పు తెచ్చి, దానిని వడ్డీతో సహా 1 శాతం పరిమితికి పైన వేసే ఆస్తి పన్నుతో తీర్చడం. ఈ ధనాన్ని భవనాలు, మరమ్మతులు, పరికరాలకు మాత్రమే వాడాలి. 1933 మార్చి 10న లాంగ్ బీచ్ భూకంపంలో పాఠశాల భవనాలు అనేకం కూలిపోగా, సరిగా ఒక నెలకు "ఫీల్డ్ చట్టం" వచ్చింది. భూకంపాలకు తట్టుకొనేటట్లు బడులు కట్టవలసి ఉండటం వలన ఈ రాష్ట్రంలో భవన నిధుల ప్రాముఖ్యం ఎక్కువ.

పార్సెల్ పన్ను: ఆస్తి విలువతో నిమిత్తం లేకుండా, సాధారణంగా ఒక్కో స్థలానికి ఇంత అని వేసే పన్ను. దీనిని జీతాలకు, గ్రంథాలయాలకు, సంగీతం వంటి పాఠాలకు వాడవచ్చు. 65 ఏళ్ళు దాటిన వారికి మినహాయింపు ఇచ్చే జిల్లాలు అనేకం. చిన్న ఇంటికీ పెద్ద భవనానికీ ఒకే మొత్తం పడే సందర్భాలు ఉన్నందున ఇది న్యాయం కాదనే విమర్శ ఉన్నది.

ఈ తేడా తెలియక ఓటర్లు కలత చెందడం కద్దు. కొత్త భవనం లేస్తూ ఉండగా ఉపాధ్యాయులను తొలగిస్తున్నారేమని అడుగుతారు. భవనానికి వచ్చిన బాండు ధనంతో జీతం ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు.

ఆమోదానికి కావలసిన ఓట్లు

బాండ్లకు కూడా పూర్వం మూడింట రెండు వంతుల ఓట్లు కావలసి ఉండేది. 10,000 ఓట్లు పోలైతే 6,667 రావాలి. 6,000 మంది అవునన్నా 4,000 మంది మాటే నెగ్గుతుంది. దీనిని సాధారణ ఆధిక్యతకు తగ్గించే ప్రతిపాదన 26ను 2000 మార్చిలో ఓటర్లు తిరస్కరించారు. అదే సంవత్సరం నవంబరులో 55 శాతానికి తగ్గించే ప్రతిపాదన 39ను ఆమోదించారు. ఈ దారిలో వచ్చే బాండ్లకు ఏటా ఆడిట్ జరగాలి, పౌర పర్యవేక్షణ సంఘం ఉండాలి, పన్ను భారానికి పరిమితి ఉండాలి. పార్సెల్ పన్నుకు మాత్రం బోర్డు ప్రతిపాదించినప్పుడు మూడింట రెండు వంతుల నియమమే కొనసాగుతున్నది.

లాస్ ఏంజెలెస్ జిల్లా అనుభవంలో రెండు దారుల మధ్య తేడా కనిపిస్తుంది. 2019 జనవరిలో అక్కడ ఉపాధ్యాయులు ఆరు రోజులు సమ్మె చేశారు. ఆ తరువాత జూన్‌లో, భవన వైశాల్యంలో చదరపు అడుగుకు 16 సెంట్ల చొప్పున పార్సెల్ పన్ను వేసే ప్రతిపాదన ఓటుకు వచ్చింది. దానికి సగం ఓట్లు కూడా రాలేదు. అదే జిల్లాలో 2020 నవంబరులో 700 కోట్ల డాలర్ల బాండ్లు, 2024 నవంబరులో 900 కోట్ల డాలర్ల బాండ్లు సులభంగా గెలిచాయి.

ఓటర్ల ఆందోళనలు

అప్పు భారం: శాన్ డియేగో కౌంటీలోని పోవే జిల్లా 2011లో సుమారు 10.5 కోట్ల డాలర్లు అప్పు తీసుకున్నది. చెల్లింపులు చాలా ఏళ్ళు వాయిదా పడటంతో తిరిగి కట్టవలసినది సుమారు 98 కోట్ల డాలర్లకు చేరింది. తీర్చవలసిన వారిలో చాలామంది అప్పటికి ఓటు హక్కు లేని పిల్లలే. ఈ విషయం బయటపడిన తరువాత 2013లో వచ్చిన చట్టం, ఇటువంటి అప్పుకు తిరిగి చెల్లించే మొత్తం అసలుకు నాలుగు రెట్లకు మించరాదని కట్టడి చేసింది.

బడుల మూసివేత: రాష్ట్రం సగటు రోజువారీ హాజరును బట్టి ధనం ఇస్తుంది. పిల్లలు తగ్గితే ధనం తగ్గుతుంది, భవనాల ఖర్చు మాత్రం తగ్గదు. ఓక్‌లాండ్ జిల్లా 2003లో దివాలా అంచుకు చేరి రాష్ట్రం నుండి 10 కోట్ల డాలర్ల అప్పు తీసుకున్నది. 2022 ఫిబ్రవరిలో అక్కడి బోర్డు కొన్ని బడులను మూయాలని తీర్మానించగా తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు నిరసన తెలిపారు. ఆ నవంబరు ఎన్నికల తరువాత కూర్చున్న కొత్త బోర్డు 2023 జనవరిలో అయిదు బడుల మూసివేతను రద్దు చేసింది. బడులు నిలిచాయి, బడ్జెట్టు సమస్య మాత్రం అలాగే ఉండిపోయింది.

తక్కువ పోలింగు: బేసి సంవత్సరాలలో విడిగా జరిగే బోర్డు ఎన్నికలకు కొద్దిమందే వచ్చేవారు. పోలింగు బాగా తక్కువగా ఉన్న చోట్ల స్థానిక ఎన్నికలను రాష్ట్ర ఎన్నికలతో కలపాలని 2015లో చట్టం చేశారు.

పేర్ల గందరగోళం: 2020 మార్చిలో 1,500 కోట్ల డాలర్ల పాఠశాల బాండ్ల ప్రతిపాదనకు కూడా యాదృచ్ఛికంగా 13వ సంఖ్యే వచ్చింది. 1978 నాటి దానిని మారుస్తున్నారని కొందరు పొరబడ్డారు. అది ఓడిపోయింది.

ఓటు లేని తల్లిదండ్రులు

ఫ్రీమాంట్, కూపర్టినో, శాన్ హోసే ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. మంచి బడి ఉన్నదనే కారణంతో అక్కడ ఇల్లు కొనేవారు తరచు కనిపిస్తారు. కొత్తగా కొన్నవారు కనుక, పైన చూపిన లెక్క ప్రకారం, పాతవారికన్నా ఎక్కువ ఆస్తి పన్ను కడతారు. అయితే ఉద్యోగ వీసా లేక గ్రీన్ కార్డు మీద ఉన్నవారికి ఓటు హక్కు లేదు. శాన్ ఫ్రాన్సిస్కో నగరం దీనికి మినహాయింపు. పౌరులు కాని తల్లిదండ్రులు కూడా పాఠశాల బోర్డు ఎన్నికలలో ఓటు వేయవచ్చునని అక్కడి ఓటర్లు 2016లో ఆమోదించారు. 2022లో దిగువ కోర్టు ఈ నిబంధనను కొట్టివేయగా, 2023లో అప్పీలు కోర్టు పునరుద్ధరించింది. బాండ్లు, పన్నులపై ఓటు వేసే హక్కు మాత్రం దీని పరిధిలోకి రాదు.

వాదోపవాదాలు

సెరానో తీర్పే ప్రతిపాదన 13కు దారి తీసిందని ఆర్థికవేత్త విలియం ఫిషెల్ వాదించారు. కట్టిన పన్ను తమ బడికే చేరుతుందనే నమ్మకం పోయినప్పుడు ఓటరు పన్నును సమర్థించడం మానుకుంటాడని ఆయన అభిప్రాయం. పెరిగిన ఇళ్ళ ధరలే అసలు కారణమని ఇతరులు ఖండించారు. వాణిజ్య ఆస్తులకు మాత్రం మార్కెట్ విలువపై పన్ను వేసి, ఆ ధనంలో కొంత బడులకు ఇవ్వాలన్న ప్రతిపాదన 15ను 2020 నవంబరులో సుమారు 52 శాతం ఓటర్లు తిరస్కరించారు. 2024 నవంబరులో విద్యాసంస్థల భవనాలకు 1,000 కోట్ల డాలర్ల రాష్ట్ర బాండ్లను అనుమతించే ప్రతిపాదన 2 గెలిచింది. ఇందులో 850 కోట్లు పాఠశాలలకు, 150 కోట్లు కమ్యూనిటీ కళాశాలలకు కేటాయించారు. ఈ సహాయంలో ఎక్కువ భాగం పొందాలంటే జిల్లా కూడా తన వాటా పెట్టాలి. ఆ వాటా స్థానిక బాండ్ల నుండి, ఆ బాండ్లు ఆ ఊరి ఆస్తుల విలువ నుండి వస్తాయి. కావున రోజువారీ ఖర్చులలో చాలావరకు తగ్గిన బాల్డ్విన్ పార్క్, బెవర్లీ హిల్స్ అంతరం, భవనాల విషయంలో మాత్రం నేటికీ ఓటర్ల ముందున్న ప్రశ్నగానే మిగిలి ఉన్నది.