సర్వర్‌ను ప్రారంభించడం, సక్రమంగా ఆపడం

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• సర్వర్‌లోని భాగాలను ఏ క్రమంలో ప్రారంభించాలో చెప్పగలుగుతారు.
• పనిలో ఉన్న సర్వర్‌ను నష్టం లేకుండా ఎలా ఆపాలో వివరించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

మీరు పరీక్ష రుసుమును కంప్యూటర్ ద్వారా చెల్లిస్తున్నారనుకోండి. మీ ఖాతాలోంచి డబ్బు తీసుకోవడం జరిగింది. అది మీ పేరున నమోదయ్యేలోగా అవతలి సర్వర్‌ను ఆపివేశారు. డబ్బు పోయింది, రసీదు రాలేదు. మరమ్మతు కోసమో, కొత్త ప్రోగ్రాము ఎక్కించడానికో సర్వర్లను అప్పుడప్పుడు ఆపక తప్పదు. అందుకే ఆపే పద్ధతి తెలిసి ఉండాలి.

2. ప్రారంభించే క్రమం

మన ఉదాహరణలో మూడు భాగాలున్నాయి: వివరాలు భద్రపరిచే డేటాబేస్, రుసుము లెక్కలు చూసే ప్రోగ్రాము, మీ అభ్యర్థనను అందుకునే వెబ్ సర్వర్. ఆధారమైనది ముందు, ఆధారపడేది తరవాత ప్రారంభం కావాలి. కాబట్టి డేటాబేస్ మొదటిది, వెబ్ సర్వర్ చివరిది.

ఒక విషయం గమనించండి. ప్రారంభం కావడం, సిద్ధం కావడం ఒకటి కాదు. ఎసరు పెట్టగానే అన్నం ఉడకదు కదా! పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ప్రతి మార్పునూ ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది. హఠాత్తుగా ఆగిపోతే, మళ్లీ లేచాక ఆ చిట్టా చూసి లెక్క సరిచేసుకుంటుంది. అంతవరకు తక్కిన భాగాలు వేచి ఉండాలి.

3. ఆపే క్రమం

ఆపేటప్పుడు క్రమం తలకిందులవుతుంది. బ్యాంకులో వేళ ముగియగానే తలుపు దగ్గరగా వేస్తారు. లోపలున్నవారి పని మాత్రం పూర్తిచేసి పంపుతారు. సర్వర్ కూడా అంతే:

(అ) కొత్త అభ్యర్థనలు తీసుకోవడం మానాలి.
(ఆ) చేతిలో ఉన్న పనులు ముగించాలి.
(ఇ) డేటాబేస్‌తో ఉన్న సంబంధాలు మూసివేయాలి.
(ఈ) చివరగా డేటాబేస్‌ను ఆపాలి.

4. సంకేతాలు, గడువు

లైనక్స్‌లో ప్రోగ్రామును ఆగమని కోరే సంకేతం సిగ్‌టర్మ్. దాని సంఖ్య 15. ఇది అందినప్పుడు పైన చెప్పిన పనులు చేసేలా ప్రోగ్రామును రాసుకోవచ్చు. సిగ్‌కిల్ అనే 9వ సంకేతం అలాంటిది కాదు. దాన్ని ఏ ప్రోగ్రామూ అడ్డుకోలేదు. సర్దుకునే వ్యవధి ఉండదు.

అయితే ఎంతసేపైనా వేచి ఉండలేం. అందుకే గడువు పెడతారు. మనం మార్చకపోతే కుబర్నెటీస్‌లో ఇది 30 సెకండ్లు. గడువు దాటితే సిగ్‌కిల్ వస్తుంది. మీ పనికి 40 సెకండ్లు పడుతుందనుకుంటే గడువు పెంచుకోవాలి.

5. కరెంటు పోతే?

అప్పుడు ఏ సంకేతమూ రాదు. అందువల్ల ప్రతి చెల్లింపుకూ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, డబ్బు అడగకముందే దాన్ని నమోదు చేయాలి. సర్వర్ తిరిగి లేచాక ఆ సంఖ్యతో బ్యాంకును విచారించి మిగిలిన పని పూర్తిచేస్తుంది. రుసుము రెండుసార్లు తీసుకునే ప్రమాదమూ తప్పుతుంది.

పాఠగత ప్రశ్నలు

1. డేటాబేస్‌ను చివరగా ఎందుకు ఆపాలి?
2. సిగ్‌టర్మ్‌కూ సిగ్‌కిల్‌కూ తేడా ఏమిటి?

జవాబులు

1. తక్కిన భాగాలు తమ పని ముగించడానికి దానిపై ఆధారపడతాయి.
2. మొదటిది అందాక ప్రోగ్రాము సర్దుకుని ఆగగలదు. రెండోది వెంటనే ఆపేస్తుంది.