బురదలోను రాజబాటలోను నడచు బండి

నేడు పెద్ద విలాస ఎస్.యు.వి. అనబడు వాహనములలో రేంజ్ రోవర్ పేరుగన్నది. దీనికి పూర్వము, 1948లో, ఇంగ్లండునందు తయారైన లాండ్ రోవర్ బురదలోను రాళ్లపైనను చక్కగా నడచెడిది. కాని దానికి బిగువైన పట్టీల స్ప్రింగు లుండుటచే ప్రయాణికులకు కుదుపు తప్పెడిది కాదు.

స్పెన్ కింగ్, గార్డన్ బాష్‌ఫోర్డ్ అను ఇంజనీర్లు రూపొందించిన రేంజ్ రోవర్ 1970లో వెలువడినది. దీనికి మెత్తని చుట్ట స్ప్రింగులను అమర్చిరి. ఇవి ఎక్కువ దూరము సాగి ముడుచుకొనగలవు. అందుచే గుంటలో చక్రము నేలను సులభముగా విడువదు. రోడ్డుపై కుదుపు లోనికి అంతగా రాదు. ఒకే మార్పుతో రెండు ప్రయోజనములు సిద్ధించినవి.

అందు ఇంజను శక్తి ఎల్లప్పుడును నాలుగు చక్రములకు అందెడిది. మలుపులో ముందు చక్రములు వెనుక చక్రములకంటె ఎక్కువ దూరము తిరుగును. ఈ భేదమును సర్దుటకు రెండు ఇరుసుల నడుమ డిఫరెన్షియల్ అను పళ్లచక్రముల అమరిక ఉండెడిది. అది లేనిచో గట్టి రోడ్డుపై టైర్లు ఈడ్చుకొనిపోయి అరుగును. బురదలో దానిని బిగించి రెండు ఇరుసులను ఒకే వేగముతో త్రిప్పవచ్చును.

మొదటి బండిలోని ఆసనములు నీటితో కడుగుటకు వీలైనవి. తోలు, కొయ్య అలంకారములు తరువాత వచ్చినవి, బరువును పెరిగినది. 2012లో చట్రమును, పైతొడుగును ఒకటిగా అల్యూమినియంతో నిర్మించి, మునుపటి నమూనాకంటె 420 కిలోగ్రాముల వరకు తగ్గించిరి.

అయినను ఒక విషయము మరువరాదు. నాలుగు చక్రములకు శక్తి నందించుట బండిని కదలించుటకే గాని, ఆపుటకు తోడ్పడదు. వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిదప ఆగుటకు పట్టు దూరము నాలుగు రెట్లగును. ఈ నియమము చిన్న కారునకు ఎంతో, విలాసవాహనమునకును అంతే.