రక్తం తీసుకున్నారు, కబురు చెప్పలేదు

రాజపాళయం పక్కనే చత్రపట్టి. వీధిలో అడుగుపెడితే మగ్గాల చప్పుడు మాట వినపడనివ్వదు. ఇక్కడ నేసేది చీరలూ పంచెలూ కాదు, గాయాలకు కట్టే గుడ్డ. వెనక చెయ్యి పెడితే అరచేతి గీతలు కూడా కనపడేంత పలచటి తెల్లగుడ్డ. చలవ చేసి, మడతపెట్టి, కట్టలు కట్టి ఊళ్ళమీదికి పంపుతారు. ఏ ఆస్పత్రిలో ఎవరి నెత్తురు పీల్చుకుంటుందో నేసినవాడికి తెలియదు. తెలియాల్సిన పనీ లేదు.

నెత్తురు ఇచ్చినవాడి సంగతి అలా కాదు.

ఇంట్లో తెలుగు మాట్లాడుకుని, చదువూ సంతకమూ తమిళంలో కానిచ్చే రాజుల ఊరు రాజపాళయం. 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఇక్కడివారే. ఈ ఊరి పేరున్న కుక్కజాతి 2005లో తపాలా బిళ్ళ మీదికి కూడా ఎక్కింది. ఇక్కడ బస్సెక్కితే ముందు శివకాశి, ఆ తర్వాత సాత్తూరు. అన్నీ విరుదునగర్ జిల్లాలోవే. 2018 చలికాలంలో దేశమంతా చెప్పుకున్న ఘోరం ఆ రెండు ఊళ్ళ మధ్యే జరిగింది.

ఆ నవంబరు 30న శివకాశి ప్రభుత్వాస్పత్రికి ఓ పందొమ్మిదేళ్ళ కుర్రాడు వచ్చి రక్తమిచ్చాడు, బంధువొకామె కాన్పు కోసం. ఆ సంచి ఆమెకు వాడలేదు. మూడు రోజుల తర్వాత సాత్తూరు ప్రభుత్వాస్పత్రిలో రక్తహీనతతో ఉన్న మరో గర్భిణికి ఎక్కించారు. ఆ తర్వాత ఈ కుర్రాడు విదేశంలో ఉద్యోగం కోసం వైద్య పరీక్షకు వెళ్ళాడు. మన గల్ఫ్ ఊళ్ళలో అందరూ ‘మెడికల్’ అనేదే. అందులో హెచ్‌ఐవీ అని తేలింది. ఇంకొకరైతే తలుపు వేసుకుని కూచునేవారు. ఇతను తన రక్తం ఎవరికీ ఎక్కించవద్దని ఆస్పత్రికి కబురు చేశాడు. అప్పటికే ఎక్కించేశారు.

తీగ లాగితే డొంక కదిలింది. 2016లోనే అతను ఒక శిబిరంలో రక్తమిచ్చాడు. అప్పటి పరీక్షలోనే హెచ్‌ఐవీ కనపడింది. ఆ కబురు అతనికి చేరలేదు. రెండేళ్ళ తర్వాత, ఏమీ తెలియని మనిషిగానే శివకాశిలో మళ్ళీ చొక్కా చెయ్యి మడిచాడు.

తెలిశాక ఎలుకల మందు మింగాడు. డిసెంబరు 30, ఆదివారం, మదురై ప్రభుత్వ రాజాజీ ఆస్పత్రిలో పోయాడు. మూడు వారాలు తిరగకుండా అదే ఆస్పత్రిలో ఆ గర్భిణికి ఆడపిల్ల పుట్టింది.

అంటురోగాల పరీక్ష అందరికీ తప్పనిసరి చేయాలా వద్దా అన్న వాదన వచ్చినప్పుడల్లా నాకు ఈ కుర్రాడే గుర్తొస్తాడు. ఎందుకంటే రెండు పక్షాలకీ ఇతను సాక్షిగా పనికొస్తాడు. మన హెచ్‌ఐవీ-ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చింది, ఈ ఘటనకు మూడు నెలల ముందు. మనిషికి తెలిపి, ఒప్పుకోలు తీసుకోకుండా పరీక్ష చేయకూడదంది. ఉద్యోగం ఇవ్వడానికి ఈ పరీక్ష షరతు పెట్టకూడదంది. రక్తనిధికి మాత్రం మినహాయింపు. అక్కడ ప్రతి సంచినీ హెచ్‌ఐవీకి, హెపటైటిస్ బి, సి లకి, సిఫిలిస్‌కి, మలేరియాకి పరీక్షించి తీరాలి. జరిగిందేమిటి? చట్టం తప్పదన్న చోట దొరకని జబ్బు, ఇక్కడ ఉద్యోగానికి చట్టం కూడదన్న తరహా పరీక్షలో దొరికింది. చూశారా, అందరికీ చేయిస్తే పోలా అంటారు తప్పనిసరి పక్షంవాళ్ళు.

వాళ్ళు మర్చిపోయేది 2016. తప్పనిసరి పరీక్ష అప్పుడు తన పని తాను చేసింది, జబ్బును పట్టుకుంది కూడా. కాగితం మీద ఎక్కిన మాట మనిషి చెవిదాకా పోలేదు, అంతే. కరువైంది పరీక్ష కాదు.

మన దేశంలో హెచ్‌ఐవీ బయటపడిన తీరులోనే ఈ తిరకాసు ఉంది. 1986లో మద్రాసు వైద్య కళాశాల విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల, తన గురువు సునీతి సోలమన్ పురమాయింపుతో, విజిలెన్స్ హోమ్‌ నిర్బంధంలో ఉన్న సెక్స్ వర్కర్ల రక్తం సేకరించారు. నమూనాలను ఇంటి ఫ్రిజ్‌లో దాచి, వెల్లూరు సీఎంసీకి పట్టుకెళ్ళి పరీక్షించారు. ఆరింటిలో జబ్బు కనపడింది. సాహసమే, కాదనను. ఆ పని జరగకపోతే ఇంకెన్నేళ్ళు కళ్ళు మూసుకుని కూచునేవాళ్ళమో. కానీ రక్తం దేనికి తీస్తున్నారో ఆ ఆడవాళ్ళకు తెలియదు. తర్వాతి ఏళ్ళలో, జబ్బుందని తేలిన కొందరిని గడువు తీరినా వదల్లేదు. 1990లో మద్రాసు హైకోర్టు చెప్తేగానీ వాళ్ళకు తలుపు తెరుచుకోలేదు.

గోవాలో డొమినిక్ డిసౌజా. ఈయనా రక్తదాతే. ఇచ్చిన రక్తంలో హెచ్‌ఐవీ కనపడింది. 1989లో పోలీసులు వచ్చి తీసుకెళ్ళి క్షయరోగుల పాత శానిటోరియంలో ఒంటరిగా ఉంచారు, 64 రోజులు. అలా బంధించవచ్చని గోవా అప్పటికే చట్టం చేసుకుని ఉంది. ఆయన తల్లి కోర్టుకెక్కింది. ఆ పోరాటం తర్వాతే ఆ చట్టం కాస్త మెత్తబడింది. డొమినిక్ 1992లో చనిపోయాడు.

మూడో దాత కథ చెన్నైది. 1995లో నాగాలాండ్ నుంచి వచ్చిన ఒక వైద్యుడు బంధువు కోసం రక్తమిచ్చాడు. పరీక్ష ఫలితం బయటికి పొక్కింది, కుదిరిన పెళ్ళి ఆగిపోయింది. రహస్యం చెప్పడం తప్పు కాదని 1998లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, పైగా అటువంటివాళ్ళ పెళ్ళి హక్కు మీదే వ్యాఖ్యానం చేసింది. ఆ వ్యాఖ్యలు అక్కర్లేనివని 2002లో తానే సవరించుకుంది.

ముగ్గురు దాతలు. ఒకరి కబురు పోలీసులకు పోయింది. ఒకరిది పెళ్ళివారికి పోయింది. ఒకరిది ఎవరికీ పోలేదు.

పెళ్ళి ప్రస్తావన వచ్చింది కాబట్టి అదీ చూద్దాం. సంబంధాలు మాట్లాడేచోట ఎవరో ఒక పెద్దాయన అననే అంటాడు, జాతకాలతోపాటు రక్తపరీక్ష కాగితాలు కూడా మార్చుకోవాలని. వినడానికి సబబుగానే ఉంటుంది. 2000ల దశకం నడుమ ఆంధ్రప్రదేశ్‌లోనూ గోవాలోనూ పెళ్ళికి ముందు ఈ పరీక్ష తప్పనిసరి చేయాలని ప్రభుత్వాల దగ్గరే ఆలోచన నడిచింది. అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రం 1988లో చేసి చూసింది. మొదటి ఆరు నెలల్లో 70,846 మందిని పరీక్షిస్తే జబ్బు ఉన్నవాళ్ళు 8 మంది. పెళ్ళి లైసెన్సులు ఐదోవంతుకు పైగా పడిపోయాయి. జంటలు సరిహద్దు దాటి పక్క రాష్ట్రాల్లో పెళ్ళి చేసుకొచ్చాయి. మరుసటి ఏడు ఆ చట్టం ఎత్తేశారు. మన దగ్గర పక్క రాష్ట్రం దాకా పోనక్కర్లేదు. జాతకం దిద్దించగలిగినవాళ్ళం, ల్యాబు కాగితం ఒక లెక్కా? పోనీ నిజమైన కాగితమే అనుకోండి, నిన్నగాక మొన్న సోకిన వైరస్ కొన్ని వారాలదాకా మామూలు పరీక్షకు చిక్కదు. బంగారు నగకు హాల్‌మార్కు ముద్ర కొట్టినట్టు మనిషికి కొట్టడం కుదరదు.

రక్తం సంగతి వేరు. అక్కడ పరీక్ష తప్పనిసరిగా ఉండాల్సిందే. పుచ్చుకునేవాళ్ళకు వద్దనే వీలుండదు మరి. మిగతా చోట్ల బలవంతం ఎప్పుడూ కింద ఉన్నవాడి మీదే. సిలోన్ తేయాకు తోటలకు పోయే కూలీలను రామేశ్వరం దారిలో ఆపి, రోజుల తరబడి ఉంచి, కలరా ప్లేగుల కోసం చూసిన చోటును ఇప్పటికీ మండపం క్యాంప్ అనే పిలుస్తారు. జగిత్యాల కుర్రాడు గల్ఫ్‌కు పోవాలంటే ఫిట్టో అన్‌ఫిట్టో తేల్చే ‘మెడికల్’ కావాలి. అన్‌ఫిట్ అన్నాక ఇంటికెళ్ళి ఏం చేయాలో ఆ మాట చెప్పినచోట ఎవరూ చెప్పరు. తమిళనాడు ప్రభుత్వాస్పత్రుల్లో హెచ్‌ఐవీ పరీక్షా సలహా ఉచితంగా దొరికే గదికి ‘నంబిక్కై మయ్యం’ అని బోర్డు ఉంటుంది, అంటే నమ్మక కేంద్రం. పేరు పెట్టినవాళ్ళెవరోగానీ గుట్టు తెలిసినవాళ్ళు.

సాత్తూరు తల్లికి 25 లక్షల పరిహారం, ఇల్లు, ఉద్యోగం ఇవ్వాలని 2019లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆదేశించింది.

ఆ మధ్య ఒక రక్తదాన శిబిరంలో కాసేపు కూచున్నాను. కల్యాణమండపం, తిరుగుతున్న ఫ్యాన్లు, ఓ మూల బిస్కెట్లూ పండ్లరసం డబ్బాలూ. వేలికొస మీద పొడిచి, ఒక్క చుక్కను నీలిరంగు మైలుతుత్తం నీళ్ళలో వదులుతారు. మునిగితే రక్తం చిక్కగా ఉన్నట్టు, తేలితే ఇంటికి పొమ్మన్నట్టు. ఆ ముచ్చట అందరూ వంగి చూస్తున్నారు. దాని ముందు నింపాల్సిన ఫారాన్ని మాత్రం ఎవరూ చూడట్లేదు. కామెర్లు వచ్చాయా, పచ్చబొట్టు పొడిపించుకున్నారా అన్న ప్రశ్నలన్నీ దాటాక అడుగున ఒకటుంది. పరీక్షలో ఏదైనా తేడా కనపడితే, మీరిచ్చిన చిరునామాకు తెలియజేయమంటారా? అవును, కాదు.

వరసలో నాకు కనపడినంతలో ఆ ప్రశ్న దగ్గర ఆగిన కుర్రాడు ఒక్కడే. పెన్ను పైకెత్తి, “అక్కా, తెలియజేస్తామంటే ఎవరు చెప్తారు, ఎప్పుడు చెప్తారు?” అని అడిగాడు.

బల్ల దగ్గరి అమ్మాయి ఫారం తిప్పి చూసింది. వెనక ఉన్న పెద్దాయన వైపు చూసింది. ఆయన ఫోన్‌లో ఉన్నాడు. “మీరు అవును అని పెట్టేయండి తమ్ముడూ, వెనక లైన్ ఉంది” అంది.