టాప్ గేరు ఏస్తే పెట్రోలు మిగులుతదా?

ఊళ్లల్ల బండి నేర్చుకునే పోరగాళ్లకు ఎవలో ఒకలు చెప్పే మొదటి మాట ఇదే: "జల్ది టాప్ ఎయ్యి, మైలేజ్ వస్తది." సగం నిజమే. సాపు తారు రోడ్డు మీద ఒక్కడే 45, 50 స్పీడుల పోతాంటే అది ఖరే. కని మన బండ్లు ఒక్కనితోని పోయేది ఎప్పుడు? ఎనుక 45 కిలోల యూరియా బస్తా, లేకుంటే ఇద్దరు మనుషులు, పక్కలకు పాల క్యాన్లు. దాని మీదికెల్లి గుంతల రోడ్డు. గప్పుడు గూడ 20 స్పీడుల టాప్ ఏసుకొనే పోతరు. ఇంజన్ దడదడ వణుకుతది, రేస్ ఎంత తిప్పినా బండి ఉరకది. గా తిప్పిన రేసుకు పెట్రోలు ఖర్చయితనే ఉంటది.

ఎందుకట్లయితదో స్ప్లెండర్ లెక్కతోని చూద్దాం, ఊళ్లల్ల మస్తుగ కనవడేది అదే కదా. 97.2 సీసీ ఇంజన్, 4 గేర్లు. దాని గుంజే బలం పూర్తిగ దొరికేది ఇంజన్ నిమిషానికి 6000 చుట్లు తిరిగినప్పుడు. టాప్ గేరుల 20 స్పీడు మీద అది తిరిగేది అటూఇటుగ 2000 చుట్లే. ఇగ బలం యాడికెల్లి వస్తది?

గేరంటే గడ్డపార అసొంటిది. పొడుగు గడ్డపారతోని బండరాయి అల్కగ లేస్తది, కని జానెడే లేస్తది. ఫస్ట్ గేరుల ఇంజన్ 30 చుట్లకు పైన తిరిగితేగని ఎనుక టైరు ఒక్క చుట్టు తిరగది. బలం ఎక్కువ, స్పీడు తక్కువ. టాప్‌ల 11 చుట్లకే టైరు ఒక్క చుట్టు తిరుగుతది. స్పీడు ఎక్కువ, బలం తక్కువ.

నాలుగు గేర్ల బండికి మోటుగ లెక్క చెప్పాలంటే 15 దాక ఫస్ట్, 25, 30 దాక సెకండ్, 40 దాక థర్డ్, ఆ పైన టాప్. ఇది ఖాళీ బండి సంగతి. బరువున్నా, ఎక్కుడున్నా ఒక్కో గేరును ఇంకింత సేపు పట్టుకోవాలె. మీటర్ కన్నా చెవి నయం. ఇంజన్ వణికితే గేరు తగ్గియ్యాలె, మొత్తుకుంటాంటే పెంచాలె. క్లచ్ సగం పట్టుకొని బండిని గుంజిచ్చుడు మాత్రం వద్దు, ప్లేట్లు కాలుతయి.

అసలు భయం దిగుడుల ఉంటది. శ్రీశైలం డ్యాం కాడికి దిగే ఘాట్‌ల గూడ న్యూట్రల్ జేసి బండిని ఇడిశిపెట్టెటోళ్లున్నరు, పెట్రోలు మిగులుతదని. గేరుల ఉంటే ఇంజనే బండిని ఎనుకకు పట్టి ఉంచుతది. న్యూట్రల్ అయితే ఆ పట్టు పోయి మొత్తం భారం బ్రేకుల మీదనే పడ్తది. ఆపకుంట తొక్కుతాంటే అవి ఏడెక్కుతయి, మలుపు కాడ పట్టయి. ఇగ పెట్రోలు సంగతంటరా, ఇప్పుడొచ్చే ఎఫ్ఐ బండ్లల్ల చానా వాటికి, గేరుల ఉండి రేస్ మొత్తం ఇడిస్తే, ఇంజన్‌కు పెట్రోలు పోవుడే బందయితది. న్యూట్రల్‌ల అయితే ఇంజన్ ఆగిపోకుంట ఉండెతందుకు పెట్రోలు తాగుతనే ఉంటది. ఏ గేరుల ఎక్కుతమో గదే గేరుల దిగాలెనని లారీ డ్రైవర్లు చెప్పేది ఉత్తగ కాదు. దిగుడు మొదలు కాకముందే సెకండ్ల, థర్డుల పెట్టుకోవాలె. 40 మీద ఉండి ఒక్కపారే ఫస్ట్‌కు కొడితే ఎనుక టైరు పట్టేసి జారుతది, ఒక్కొక్కటి దించాలె.

లారీని దాటాలన్నా గంతే. ఎనుక ఉన్నప్పుడే థర్డుకు దించి, బండి గుంజుతాందని తెలిసినంకనే పక్కకు రావాలె. టాప్‌లనే రేస్ తిప్పుకుంట లారీ పక్కపొంటి ఏలాడుడు కన్నా, ఆగి దాని ఎనుకనే పోవుడు మేలు.

దోస్తు బండి తీస్కపోయెటోళ్లు ఇంకోటి చూస్కోవాలె. స్ప్లెండర్‌కు అన్ని గేర్లు ముంగట కిందికి ఒత్తితేనే పడ్తయి. ఐదు గేర్ల బండ్లల్ల చానా వాటికి ఒక్కటే కిందికి, మిగిలినయి పైకి. అలవాటు మీద కిందికి ఒత్తితే పెరగాల్సిన గేరు తగ్గుతది, స్పీడుల ఉన్న బండి ఒక్కసారి కుదేస్తది. అడ్డ మీది కాడనే ఒక్కపారి గేర్లు ఏసి చూస్కొని ఎల్లుండ్రి.