ఉమ్ముతో టెస్టోస్టిరాన్ టెస్ట్: ఆ కిట్ కొనొచ్చా?

ట్యూబ్‌లో ఉమ్మి కొరియర్ చేస్తే, రిపోర్ట్ ఫోన్‌లోని యాప్‌కే వచ్చేస్తుంది. మగవాళ్ల టెస్టోస్టిరాన్ చెప్పే ఈ హోమ్ కిట్ల గురించి గుంటూరు, ఒంగోలు వైపు నుంచి నన్ను అడిగేవాళ్లు ఉన్నారు. సూది లేదు, ల్యాబ్‌లో మొహమాటం లేదు. మరి ఆ నంబర్ నమ్మొచ్చా?

ఎలా పనిచేస్తుంది?

రక్తంలో టెస్టోస్టిరాన్ చాలావరకు ప్రొటీన్లకు అంటుకుని ఉంటుంది. విడిగా తిరిగేది సుమారు 2 శాతమే. లాలాజలంలోకి వచ్చేది ముఖ్యంగా ఇదే. ఐడియా మంచిదే.

ఎక్కడ తేడా కొడుతుంది?

దూది: కిట్‌లో కాటన్ స్వాబ్ ఉంటే నేను వద్దనే అంటాను. పత్తిలోని పదార్థాల వల్ల రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ రావచ్చు. అంటే నిజంగా తక్కువున్నా 'నార్మల్' అని చూపించొచ్చు. మన పొలాల్లో పండేదే ఇక్కడ విలన్! ఉమ్ము నేరుగా ట్యూబ్‌లో పడే కిట్ మేలు.

చిగుళ్ల రక్తం: రక్తంలో ఈ హార్మోన్ పదుల రెట్లు ఎక్కువ. కాస్త కలిసినా లెక్క తప్పుతుంది. బ్రష్ చేయకముందే శాంపిల్ ఇవ్వండి.

టైమ్: పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తక్కువ. కాబట్టి లేవగానే, కారప్పొడి ఇడ్లీ ముట్టకముందే ఇవ్వాలి.

నా ఫైనల్ మాట

ఆసక్తి కొద్దీ చూసుకోవచ్చు, వైద్యానికి మాత్రం సరిపోదు. అమెరికన్ యూరాలజీ అసోసియేషన్ 2018 గైడ్‌లైన్ ప్రకారం, రెండు వేర్వేరు రోజుల్లో ఉదయం చేసిన రక్త పరీక్షలో డెసిలీటర్‌కు 300 నానోగ్రాముల కన్నా తక్కువ వచ్చి, లక్షణాలు కూడా ఉంటేనే లోపం అంటారు.

యాప్‌లో 'లో' అని కనిపించిందని ఇంజెక్షన్లు మొదలుపెట్టకండి. బయటి నుంచి టెస్టోస్టిరాన్ ఎక్కిస్తే వీర్యకణాల తయారీ తగ్గుతుంది, ఆగిపోవచ్చు కూడా. పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ముందు డాక్టర్‌ని కలవండి.