బిడ్డకు తొలి తోడు

హైదరాబాదు బర్కత్‌పుర చమన్ చుట్టునున్న వీథులలోను, చిక్కడపల్లి సందులలోను ప్రతిరాత్రియు వంటయింట జరుగు చిన్న కార్యమొకటి కలదు: కాచిన పాలు గోరువెచ్చనగువఱకు వేచి, నిన్నటి పెరుగునుండి చెంచాడు తీసి తోడువేయుట. పాలు మరీ వేడిగా నున్న తోడు చచ్చును. చల్లారిపోయిన పాలు తోడుకొనవు. జీవియు, పాత్రయు, సమయమును కుదిరినగాని ఫలము సిద్ధింపదని సూక్ష్మజీవి పేరైన నెఱుగని నాటినుండి మన గృహిణు లెఱిగిన ఈ సత్యమునే, నేటి వైద్యశాస్త్రము పసిబిడ్డ ప్రేగుల విషయమున మరల నేర్చుకొనుచున్నది.

గర్భిణికిని శిశువునకును ప్రోబయోటిక్స్, అనగా మేలుచేయు బాక్టీరియా, ఇచ్చినచో బిడ్డకు ఎలర్జీలు రాకుండునా? 2001లో ఫిన్లండులోని తుర్కు నగరపు వైద్యులు, ఉబ్బసముగాని ఎగ్జిమాగాని తుమ్ముల జబ్బుగాని వంశమున నున్న గర్భిణులకు ప్రసవమునకు ముందు రెండు నుండి నాలుగు వారములును, పిదప తల్లికో బిడ్డకో ఆఱు నెలలును ‘లాక్టోబాసిల్లస్ జీజీ’ నిచ్చి చూచిరి. రెండేండ్లు నిండునాటికి ఎగ్జిమా కనబడిన పిల్లలు ఆ పక్షమున నూటికి 23 మంది; ఉత్తుత్తి గుళికల పక్షమున 46 మంది. లోకము ఉప్పొంగినది. కాని కడవఱకు నిలిచిన పిల్లలు 132 మందియే. 2008లో జర్మనీలో అదే జీవితో జరిగిన పరీక్షలో మేలు కనబడలేదు. 2015లో ప్రపంచ ఎలర్జీ సంస్థ, వంశమున ఎలర్జీ యున్న ఇండ్ల ఎగ్జిమా నివారణకు దీనిని వాడవచ్చునని సూచించుచునే, సాక్ష్యము మిక్కిలి బలహీనమని తానే ఒప్పుకొనినది. ఉబ్బసమును ఆపునన్న నిదర్శనము లేదు.

ఇక మన ఇంటి సంగతి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణమున నూటికి 60.7 కాన్పులు, ప్రైవేటు ఆసుపత్రులలో 81.5 కాన్పులు, శస్త్రచికిత్సతోనే జరిగినవి. దేశపు సగటు 21.5 మాత్రమే. సహజప్రసవమున బిడ్డ తల్లినుండి గ్రహించు బాక్టీరియాలో కొన్ని, కోతకాన్పు బిడ్డకు ఆలస్యముగా అందును. ప్రాణము నిలుపు కోత పూజ్యమే. సుముహూర్తము కొఱకు కోయించు కోత మాత్రము, అవసరము లేకయే తోడును దూరము చేయుట. ఆ లోటును కొంతయైన పూరించునది తల్లిపాలు: అందలి కొన్ని చక్కెరలు బిడ్డకు జీర్ణముకావు, అవి బిడ్డ కడుపులోని బిఫిడో బాక్టీరియాకు ఆహారములు. ప్రకృతి తోడును, దానికి మేతను ఒక్కచోటనే కూర్చినది.

2017లో ప్రకటితమైన ఒడిశా పరీక్షలో, 4,500 పైచిలుకు పల్లెశిశువులలో సగము మందికి వేఱొక జాతి లాక్టోబాసిల్లస్‌ను చక్కెరపోషకముతో ఇవ్వగా, రక్తము విషమించు సెప్సిస్‌గాని మరణముగాని వాటిల్లిన శిశువులు ఉత్తుత్తి మందు పక్షమున నూటికి 9 మంది కాగా, ఈ పక్షమున 5.4 మందియే. అది ఎలర్జీకి మందు కాదు; ఒక్కొక్క జాతిది ఒక్కొక్క పని. నెలలు నిండని శిశువులకు ఇట్టివి ఇచ్చుటలో ప్రమాదము కలదని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. ఇంటి పెరుగు బాలింతకు మంచి ఆహారమే. ఎలర్జీని వారించు మందుగా మాత్రము రుజువుకాలేదు.

నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో టీకాకై నిలుచువాడు, అది ఏ వ్యాధికో, ఎన్ని మోతాదులో తెలిసికొనియే చేయి చాచును. మందులషాపులో ప్రోబయోటిక్ పొట్లము కొను తల్లిదండ్రులును అట్లే, ఇది ఏ జాతి, ఎంత మోతాదు, దేనికి అని వైద్యుని అడుగవలెను. ఆ సమాధానము దొరకునంతవఱకు, పుట్టిన గంటలోపల బిడ్డకు ముర్రుపాలు పట్టింపుడు.