సిలువ రాళ్ళు: అర్మేనీయుల శిల్పములో జాతి స్మృతి

యొర్దాను నుండి తీసిన పండ్రెండు రాళ్ళను యెహోషువ గిల్గాలులో నిలువబెట్టినది, రాబోవు తరముల పిల్లలు వాటిని గూర్చి అడుగుదురనియే (యెహోషువ 4). రాళ్ళనే పగులగొట్టినయెడల పిల్లలు దేనిని చూచి అడుగుదురు? అర్మేనియా క్రైస్తవులకు ఎదురైన ఈ ప్రశ్నను ఇక్కడ పరిశీలింతము.

వారి శిల్పకళలో ప్రధానమైనది ఖచ్కార్, అనగా సిలువ రాయి. 9వ శతాబ్దము నుండి వారు దీనిని చెక్కుచున్నారు. నిలువెత్తు పలకపై సిలువ, దాని పాదమునుండి ఇరువైపులా లేచిన ఆకులు, చుట్టూ జాలీవలె అల్లిన లతలు ఉండును. కొన్ని తప్ప మిగిలిన వాటిపై క్రీస్తు దేహము కనబడదు. మరణసాధనమైన మ్రాను జీవవృక్షమై చిగిర్చినదని భావము. అనేకమైన వాటిపై ఒక పేరు, ఆ వ్యక్తి ఆత్మ కొరకు ప్రార్థించుమని చదువరికి ఒక విన్నపము ఉండును. మృతుల కొరకైన ప్రార్థన మన సంఘములలో అనేకులకు సమ్మతము కాదు. అయినను ఆ విన్నపములోని నమ్మకమును గమనించవలెను: తన భాష చదువగల విశ్వాసి ఎవరో ఒకరు ఎల్లప్పుడు ఆ దారిన వచ్చునని.

అరస్ నది ఒడ్డున, నేటి అజర్‌బైజాన్‌కు చెందిన నఖిచెవాన్‌లో, జుల్ఫా అను పట్టణముండెను. 1604-05లో పారసీక రాజు షా అబ్బాస్ దాని ప్రజలను ఇస్ఫహానుకు తరలించెను. అక్కడ వెలసిన క్రొత్త జుల్ఫా వర్తకులే మచిలీపట్నమునకు, మద్రాసుకు వచ్చినవారు. పాత ఊరిలో శ్మశానము మాత్రము మిగిలెను. 1998 నాటికి రెండువేలకు పైగా సిలువ రాళ్ళు అందులో ఉండెను. ఆ యేట మొదలైన విధ్వంసము 2005 డిసెంబరులో ముగిసినది. సైనికులు సమ్మెటలతో రాళ్ళు పగులగొట్టుటను నదికి ఆవల ఇరాన్ వైపు నుండి కొందరు చిత్రీకరించిరి. అజర్‌బైజాన్ ప్రభుత్వము దీనిని ఒప్పుకొనలేదు. అయితే 2003, 2009 నాటి ఉపగ్రహ చిత్రములను పోల్చగా ఆ స్థలము చదునైనట్లు తేలినది.

1915 జాతి నిర్మూలనములో లక్షలాదిమందిని కోల్పోయినవారికి ఇది మరియొక గాయము. ఆ మృతుల జ్ఞాపకార్థము వారు స్థిరపడిన అనేక దేశములలో క్రొత్త ఖచ్కార్‌లు నిలిపిరి. ఈ కళను 2010లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చినది. ఛాయాచిత్రముల ఆధారముగా జుల్ఫా రాళ్ళకు నకళ్ళు కూడ చెక్కుచున్నారు. ఇది మెచ్చదగిన పనియే. కాని చిత్రమునకెక్కని రాళ్ళ పేర్లను ఏ శిల్పి చెక్కగలడు?

మద్రాసు అర్మేనియన్ వీధిలో 1772లో కట్టిన వారి చర్చి ఉన్నది. ఆవరణలో అర్మేనియన్ అక్షరములున్న సమాధి పలకలు నేలపై పరచియున్నవి. చెన్నైకి వెళ్ళు మన విద్యార్థులు వాటియొద్ద కొంతసేపు ఆగవలెనని మా కోరిక.